ఏడో బొమ్మ జుట్టు

నా బొమ్మల అరలో ఒక బెత్తెడు ఖాళీ ఉండేది. ఇంటికొచ్చినవాళ్లు అరలో నిలబడ్డ ఆరుగురు వీరుల్ని చూసేవాళ్లు. వాళ్ల కండలు, ముసుగులు, వీపు మీద ఎగిరే గుడ్డలు చూసి నవ్వేవాళ్లు. ఒకరిద్దరు మెచ్చుకునేవాళ్లు కూడా. నాకు మాత్రం ఆ ఆరుగురూ కనబడ్డం ఎప్పుడో మానేశారు. మూడోవాడికీ నాలుగోవాడికీ మధ్యనున్న ఖాళీయే కనబడేది. పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు నా కన్ను అక్కడికే పోయేది.

ఎందుకంటే ఆ జట్టులో ఉన్నది ఏడుగురు. నేను ఆశ్రమ పాఠశాల హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఆదివారం పొద్దున్న టీవీలో వచ్చేది ఆ కార్టూను. ఒకడు నిప్పు ఊదేవాడు, ఒకడు ఎగిరేవాడు, ఒకడు గోడల్లోంచి దూరిపోయేవాడు, ఎవడి విద్య వాడిది. ఏడో ఆమె విద్య బరువు మొయ్యడం. కొండచరియ విరిగి పడుతుంటే వీపు ఆనించి ఆపేసేది. రైలు పెట్టె పట్టాలు తప్పితే భుజం పెట్టి లేపేది. ఎక్కువ మాట్లాడేది కాదు. వాన గట్టిగా పడితే చరియలు జారి రైలు ఆగిపోయే ఊళ్ల పిల్లలం మేము. మా హాస్టల్లో ఆడపిల్లలకి ఇంకో వీరుడు అక్కర్లేకపోయింది. ఆటలో అందరికీ ఆమె వేషమే కావాలి, దానికోసం జుట్లు పట్టుకునేవాళ్లం.

ఉద్యోగం వచ్చాక ఆ జట్టు బొమ్మలు ఒక్కొక్కటీ తెప్పించుకున్నాను. విశాఖ వెళ్లినప్పుడు కొన్ని దొరికాయి, ఇంటర్నెట్లో కొన్ని. ఆరుగురు వచ్చారు. ఏడో ఆమె ఎంత వెతికినా రాలేదు. ఇలాంటి బొమ్మలు సేకరించేవాళ్ల గ్రూపు ఒకటి ఫోన్లో ఉంటే అందులో అడిగాను. కంపెనీ ఆమెను అసలు తయారే చెయ్యలేదని, ఆడ బొమ్మల్ని ఎవరూ కొనరని ఒకాయన తీరిగ్గా జవాబిచ్చాడు. నాకు ఒళ్లు మండింది. అమ్మకుండానే కొనరని ఎలా తెలిసిందయ్యా నీకు? అదే మాట అక్కడ రాశాను. ఆయన ఒక నవ్వు ముఖం పెట్టి ఊరుకున్నాడు. ఇంకొకావిడ మాత్రం, దొరక్కపోతే కస్టమ్ చేసుకో, మేమంతా చేసేది అదే, అని రాసింది. కస్టమ్ అంటే ఉన్న బొమ్మల్ని కోసి, అతికి, రంగు వేసి, లేని బొమ్మని పుట్టించడం. ఆ రోజే అనుకున్నాను, చేసి తీరాలని.

నేను అరకు లోయలో ఒక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్ని. జ్వరంతో వచ్చినవాళ్ల వేలు పొడిచి, చుక్క రక్తం గాజుపలక మీద పూసి, మైక్రోస్కోపు కింద మలేరియా ఉందో లేదో చూడడం నా పని. కాబట్టి చెయ్యి వణకదు, సన్న పని అంటే విసుగు లేదు. బొమ్మల పనిలో నాకు ముందునించీ ఉన్నవి ఆ రెండే. మిగతావన్నీ పాడుచేసి నేర్చుకున్నవి.

విశాఖలో పాత సామాన్ల కొట్ల నించి విరిగిన బొమ్మలు ఏరుకొచ్చాను. ప్లాస్టిక్ బొమ్మ కీళ్లు ఊడి రావాలంటే మరిగే నీళ్లలో వెయ్యాలి. మెత్తబడ్డాక చేతులూ కాళ్లూ తలా పట్టి లాగితే వచ్చేస్తాయి. ఒక ఆదివారం టీ గిన్నెలో తల ఉడుకుతుంటే మా అమ్మ వచ్చి మూత తీసింది.

“ఓలమ్మో! ఏటే ఇది, తలకాయ కూరా?”

“బొమ్మేనే అమ్మా. కీలు ఊడాలని.”

“ఈ ఆరుగురు మగోళ్లూ సాల్నేదని ఇంకోదాన్ని తెత్తన్నావా ఇంట్లోకి? దానికి కూడెవులెడతారు?”

ఆ పూట నించి నాకు వేరే గిన్నె పెట్టేసింది. తన గిన్నెల జోలికొస్తే చేతులు విరగ్గొడతానంది. మేమిద్దరమే ఉండే ఇల్లు, ఆమె మాటంటే మాటే.

మగ బొమ్మ ఒంటిని ఆడమనిషిగా చెయ్యడం అనుకున్నంత తేలిక కాదు. ముందు శాండ్ పేపరుతో భుజాలు అరగదీశాను. బాగా సన్నబడ్డాక చూస్తే ఈమె కొండ కాదు గదా నీళ్ల బిందె కూడా మొయ్యలేదనిపించింది. మా ఊళ్లో కట్టెమోపు నెత్తిన పెట్టుకుని దిగే ఆడవాళ్ల భుజాలు ఎలా ఉంటాయో తెలిసి కూడా ఏం పని చేశానని నన్ను నేనే తిట్టుకుని, అరగదీసిన చోట మళ్లీ పుట్టీ పెట్టాను. నీళ్ల పైపుల కంతలు మూసే పుట్టీ అది, రెండు ముద్దలు కలిపి పిసికితే గట్టిపడుతుంది. కింద విశాఖలో ఇట్టే బిగుసుకుపోయేది మా చలికి మర్నాటికీ మెత్తగానే ఉంటుంది. అన్నం గిన్నె మూత మీద పెట్టి ఆరబెట్టేదాన్ని. మోచేతులకీ మోకాళ్లకీ గుండుసూదులు ముక్కలు చేసి ఇరుసులుగా దింపాను. రంగు వేస్తే కీలు తిప్పగానే పొరలా లేచిపోయేది. గీకి మళ్లీ వేసేదాన్ని. ముఖం అయితే ఎన్నిసార్లు తుడిచానో చెప్పలేను. కళ్లు కుదిరితే నోరు కుదిరేది కాదు, నోరు కుదిరితే ఏడుస్తున్నట్టు ఉండేది.

వలిసె పూలు చూడ్డానికి వచ్చిన ఒకావిడ మా అమ్మ దగ్గర కాఫీ గింజలు తీసుకుంటూ, గుమ్మంలోంచి లోపల నా పని చూసింది. ఫోటో తీసుకుని, “ఈ డ్రెస్ ఎందుకమ్మా, మీ గిరిజన చీర ముడేసి కట్టండి, మెడలో వెండి కంటె వెయ్యండి. బొర్రా గుహల దగ్గర పెడితే ఎగబడి కొంటారు” అంది. మంచి మనసుతోనే అంది, కాదనను. నాకే కోపం ఆగలేదు.

“ఆమెకి ఆమె బట్టలే వేస్తానండీ. మా ఊళ్లో పుట్టింది కదా అని అందరికీ ధింసా ఆట వేషం కట్టక్కర్లేదు” అన్నాను.

ఆవిడ ముఖం చిన్నబోయింది. మా అమ్మ నా తొడ మీద గిల్లింది. గిల్లితే గిల్లింది. ఖాళీ నింపాలంటే అక్కడ ఉండాల్సిన మనిషినే నిలబెట్టాలి, అమ్ముడుపోయే మనిషిని కాదు.

మా ఇంటికీ పక్కింటికీ ఒకటే గోడ. పక్కింట్లో ఒక పెద్దావిడ, ఆవిడ కొడుకు, కొత్త కోడలు. కొడుకు బొర్రా రూట్లో జీపు నడుపుతాడు. కోడలు పాచిపెంట వైపు పిల్ల, అప్పటికింకా పద్దెనిమిది దాటి ఎంతో కాలం కాలేదు. ఊరికి కొత్త, మొగుడు పొద్దున్న పోతే సాయంత్రానికి గానీ రాడు, అందుకని ఫోను ఛార్జింగు వంక పెట్టుకుని మా ఇంట్లోనే ఉండేది. నన్ను అప్పా అని పిలిచేది. మా వైపు అక్కని అలాగే అంటాం. అర ముందు నిలబడి బొమ్మల పొట్టలు నొక్కి చూసేది.

“ఈడి కండలు సూడప్పా, మెట్లు మెట్లుగా ఉన్నాయి. మా ఆయనకి ఒక్కటీ నేదు. ఒక్కటే బొజ్జ.”

“జీపు నడిపేవాడికి కండలెందుకే?”

“నాకు సూడ్డానికి!”

అలా పకపకా నవ్వే పిల్ల. కడుపుతో ఉందని తెలిసినప్పుడు వాళ్ల అత్తకన్నా ముందు నాకే చెప్పింది.

ఇక జుట్టు సంగతి. ఏడో ఆమెకి నడుం దాకా జుట్టు, కొండని ఆపేటప్పుడు అది వెనక్కి లేచి ఎగురుతుంది. పుట్టీతో చేస్తే ఎండిన పేడలా వచ్చింది. ఉన్నిదారం పెడితే చర్చిలో క్రిస్మస్ నాటకానికి గొర్రెల కాపరి పెట్టుకునే గడ్డంలా ఉంది. కుట్టు దారం మెరిసింది, కానీ వేలాడిపోయింది. అప్పటికి ఒళ్లంతా అయిపోయింది, బట్టలయిపోయాయి, ముఖం కూడా ఎట్టకేలకి కుదిరింది. ఒక్క జుట్టు దగ్గర ఆగిపోయింది పని. విసుగెత్తి కత్తెర తీసుకుని నా జడ కొస బెత్తెడు కత్తిరించాను. కుచ్చులు కుచ్చులుగా విడదీసి, కింద నించి పైకి వరసలుగా జిగురుతో అంటించాను. చూద్దును కదా, ఆమే. హాస్టలు టీవీలో చూసిన మనిషే. జిగురు ఆరాలని కిటికీ గూట్లో ఎండకి నిలబెట్టాను. ఆ కిటికీ పక్కింటి పెరట్లోకి తెరుచుకుంటుంది.

మా కొండల్లో జుట్టు సంగతి తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. దువ్వినప్పుడు ఊడిన జుట్టుని ఎవరూ గాలికి వదలరు. ఉండ చుట్టి చూరులో దోపుతారు, లేదా పాతేస్తారు. ఎవరికైనా చెడు చెయ్యాలనుకునేవాడికి ఆ మనిషి జుట్టు దొరికితే చాలంటారు. దానితో బొమ్మ చేసి సూదులు గుచ్చితే ఆ మనిషి మంచాన పడుతుందంటారు. అదే చిల్లంగి. నవ్వకండి. నేను మైక్రోస్కోపు ముందు కూర్చునే మనిషిని, అయినా ఇప్పటికీ నా దువ్వెనలో జుట్టు బయట పారెయ్యను. మా అమ్మ చేతి అలవాటు నా చేతికి వచ్చింది.

వానలు వెనకబట్టే రోజులు. మాకు అవి జ్వరాల రోజులు. పక్కింటి పిల్లకి ఐదో నెల. ఆమెకి చలిజ్వరం వచ్చింది, ఒక రోజు విడిచి ఇంకో రోజు. గోడ అవతల మంచం కదిలే చప్పుడు నాకు వినబడుతోంది. ఐదో నెల కడుపుతో మలేరియా అంటే ఏమిటో మాకు తెలుసు. ఒంట్లో రక్తం నీళ్లయిపోతుంది, బిడ్డ నిలవకపోవచ్చు, ఆలస్యం చేస్తే తల్లి కూడా దక్కకపోవచ్చు. అందులో ఏ రకం మలేరియానో తెలియకుండా కడుపుతో ఉన్నామెకి చేతికొచ్చిన మాత్ర ఇవ్వకూడదు. ఒక చుక్క రక్తం కావాలి. అంతే. రక్తపరీక్ష పెట్టె పట్టుకుని వాళ్ల గుమ్మంలోకి వెళ్లాను. పెద్దావిడ అడ్డం నిలబడింది.

“పిన్నీ, కోడల్ని పిలు. వేలు పొడిసి ఎళ్లిపోతాను.”

“ఒల్లదంటమ్మా.”

“ఒల్లదేటి? జొరం అలగొగ్గీస్తారా?”

“నువ్వెళ్లు గుంటా. మా తిప్పలు మేం పడతాం.”

తలుపు వేసేసింది. ఎన్నడూ అలా వెయ్యలేదు. నేను బయట పెట్టె పట్టుకుని వెర్రిదానిలా నిలబడ్డాను.

సంగతి మా అమ్మ తెలుసుకొచ్చింది. జ్వరం రాగానే వాళ్లు ఎజ్జోడి దగ్గరికి వెళ్లారట. ఎజ్జోడు అంటే మా దగ్గర పూజలు చేసి మందు చెప్పే మనిషి. ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. నీ జుట్టు ఎక్కడ పెట్టావమ్మా అని మాత్రం అడిగాడు. పిల్ల ఇంటికొచ్చి చూరులో చెయ్యి పెట్టి చూస్తే తను దోపిన ఉండ లేదు. ఏ పిచ్చుకో ఉడతో గూటికి ఎత్తుకుపోయి ఉంటుంది. ఆ గాభరాలో తలెత్తి చూస్తే ఎదురుగా మా కిటికీలో బొమ్మ. నల్లటి జుట్టు, మోకాళ్లలో మోచేతుల్లో సూదులు. పైగా ఊళ్లో అందరి నెత్తురూ తీసేది నేనే.

“సిల్లంగి అనుకుంటన్నారే నీ మీద” అంది అమ్మ. ఇలాంటి మాట పుడితే ఎక్కడిదాకా పోతుందో ఆమెకి తెలుసు. “ఆ బొమ్మని గెడ్డ నీళ్లలో ఇసిరీయే. బేగి.”

“ఇసరను” అన్నాను. “నేను తప్పు సెయ్యనేదు. ఎందుకు ఇసరాల?”

రెండేళ్ల పని అది. ఆ ముఖం మళ్లీ కుదురుతుందన్న నమ్మకం నాకే లేదు. బొమ్మా ఉండాలి, రక్తమూ తియ్యాలి, రెండూ సాధిస్తానని పంతం పట్టాను. పెద్దావిడ కళ్లాంలో కాఫీ పళ్లు ఆరబెట్టడానికి వెళ్లినప్పుడు చూసి ఆ పిల్ల దగ్గరికి వెళ్లాను. దుప్పటి కప్పుకుని గోడకి జారబడి ఉంది. పెదాలు తెల్లబడిపోయాయి. నన్ను చూడగానే కాళ్లు దగ్గరకి లాక్కుంది. నన్ను చూసి! ఆ లాక్కోవడం చూసి నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

“నానేటి సేసినానప్పా నీకు?” అంది. “నా జుట్టు నాకిచ్చీ.”

“అది నా జుట్టేనే! ఇదిగో, జడ సివర కత్తిరించీసినాను, సూడు.”

“నల్లజుట్టు ఎవులిదైనా ఒక్కనాగే ఉంటాది.”

నిజమే కదా. నా దగ్గరున్న మైక్రోస్కోపు కింద పెట్టినా ఎవరి జుట్టు ఎవరిదో చెప్పలేను.

“సరే, జుట్టు సంగతి తర్వాత. ముందు సుక్క నెత్తురియ్యి. నీ కడుపులో బిడ్డ కోసం అడుగుతన్నాను.”

“జుట్టు తీసినావు. ఇప్పుడు నెత్తురు కూడా ఇచ్చీమంటావా? ఇంకేటుంటాది నా కాడ?”

మా డాక్టరుగారు కూడా వచ్చి చూశారు. మంచిగా చెప్పారు, గట్టిగా చెప్పారు. విశాఖ తీసుకెళ్లమంటే పిల్ల జీపు ఎక్కనంది. ఎక్కడ రక్తం ఇచ్చినా చివరికి నా చేతికే వస్తుందని ఆమె భయం. మొగుడు బతిమాలాడు. ఆమె గుడ్డలో ముఖం దాచుకుని బొమ్మని కాల్చమనండి, అప్పుడే ఇస్తాను అంది. ఆ మాట మీదే కూర్చుంది. మొండితనంలో నాకేమీ తీసిపోదు.

మళ్లీ జ్వరం వచ్చే రోజు వచ్చింది. నాకు సెలవు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను. గోడ అవతల పళ్లు కొట్టుకుంటున్న చప్పుడు మొదలైంది. గోడ ఎంత పల్చనో నాకు అప్పుడే తెలిసింది. కంచం తోసేసి లేచాను. కిటికీలోంచి బొమ్మని తీశాను. ఎంత బాగుందో! తిట్టుకుంటూనే వెళ్లాను, ఎవర్ని తిడుతున్నానో నాకే తెలియకుండా.

పెరట్లో నిలబడి కేకేశాను. పెద్దావిడ పట్టుకుని నడిపించుకొస్తే పిల్ల గుమ్మందాకా వచ్చింది, దుప్పటితో సహా.

“కాల్సీస్తాను. ముందు వేలియ్యి” అన్నాను.

“ముందు కాల్సు.”

“కాల్సినాక మాట తప్పితే?”

“నానిచ్చినాక నువ్వు తప్పితే?”

ఒకే గోడ పక్కన ఉంటూ, ఒకే కంచంలో తిన్నవాళ్లం, ఒకరి మాట ఒకరం నమ్మే స్థితిలో లేము. గుమ్మం పట్టుకున్న ఆమె చెయ్యి వణుకుతోంది, తలుపు గొళ్లెం కూడా టకటకమంటోంది. వణుకుతున్నది ఆమె, నా చేతిలో బొమ్మ కాదు. ఇంక నేనే తగ్గాను.

పుల్లలు పోగుచేసి, ఎండాకులు వేసి అంటించాను. మంట పైకి లేచాక బొమ్మని దాని మీద నిలబెట్టాను. పడుకోబెట్టడానికి చేతులు రాలేదు. ముందు జుట్టుకే అంటుకుంది. చిటచిటమని ఒక్క క్షణంలో పోయింది. పిల్ల రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. నిజం చెప్తున్నాను, నా నెత్తి కూడా చురుక్కుమంది. తర్వాత రంగు బుడగలొచ్చింది, ముఖం జారింది, భుజాలు చాలాసేపు నిలబడ్డాయి. ఆ పుట్టీ తొందరగా కాలదు. నల్లటి పొగ, పాడు వాసన. నేను ముక్కు మూసుకోలేదు. చివరికి సూదులూ ఒక నల్ల ముద్దా మిగిలాయి.

పిల్ల కళ్లు తెరిచి తన తల తడుముకుంది. జడ లాగి చూసుకుంది. తర్వాత దుప్పటిలోంచి చెయ్యి బయటికి పెట్టి వేలు చాపింది. మాట తప్పలేదు. అక్కడే అరుగు మీద కూర్చోబెట్టి పొడిచాను. ఆ వేళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి, రక్తం రావడానికి పిసకాల్సి వచ్చింది. కిట్టులో గీత పడింది. ప్రమాదకరమైన రకం. మైక్రోస్కోపు కింద చూస్తే ఉంగరాలు ఉంగరాలుగా నిండిపోయి ఉన్నాయి, ఇంకో రెండు జ్వరాలు ఆగితే మనిషి దక్కేది కాదు. డాక్టరుగారు రాసిన మాత్రలు నేనే తెచ్చి, నా కళ్ల ముందు మింగించాను. ఆస్పత్రిలో ఉంచి రక్తం ఎక్కించారు. పిల్ల నిలిచింది, కడుపు నిలిచింది.

ఆ తర్వాత జరిగిందే నన్ను కాల్చుకుతింది. పెద్దావిడ సంతలో అందరికీ చెప్పింది.

“బొమ్మని కాల్సీగానే జొరం ఎగిరిపోనాది!”

ఓసినీ! మాత్రలు నేనిచ్చాను, రక్తం నేను చూశాను, పేరు మంటకొచ్చింది. నేను చిల్లంగిదాన్నని రుజువైపోయినట్టే కదా ఇక. ఆస్పత్రిలో వేలు చాపమంటే కొందరు చేతులు వెనక్కి పెట్టుకునేవాళ్లు. మా అమ్మ నన్ను పట్టుకుని ఇంక ఆ బొమ్మల పని మానీయే, మనకెందుకొచ్చింది అంది. నేను అర ముందు నిలబడ్డాను. మళ్లీ అదే బెత్తెడు. మానేస్తే వాళ్లన్నది నిజమని ఒప్పుకున్నట్టే అవుతుంది. మానను.

కాకపోతే ఈసారి ఇంటి లోపల చెయ్యలేదు. అరుగు మీద చాప వేసుకుని, సెలవు రోజున పట్టపగలు, దారిన పోయేవాళ్లందరికీ కనబడేలా కూర్చున్నాను. తల అందరి ఎదుటా ఉడకబెట్టాను. సూది ఎందుకో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను, మోచెయ్యి వంచి చూపించాను.

“ఈపాలి ఎవుల్ని సేత్తన్నావే?” అనేవాళ్లు ఎగతాళికి.

“మళ్లీ దాన్నే.”

“అదేటి సేత్తాది?”

“కొండ కూలితే ఆపుతాది.”

“అయితే మా పొలం మీదకి పంపు, గట్టు తెగిపోనాది!”

ఎగతాళి చేసినవాళ్లు కాసేపు కూర్చునేవాళ్లు. కూర్చున్నవాళ్లు ముక్కు వంకరగా ఉందనో, కాళ్లు సన్నంగా ఉన్నాయనో అనేవాళ్లు. పెద్దావిడ కూడా తన అరుగు మీద నించే చూసేది. ఒకరోజు లేచి వచ్చి, బరువెత్తే మనిషికి నడుం అలగుండదే అని తన నడుం చూపించింది. నాకు ఇంకా కోపం పోలేదు. కానీ నడుం మార్చాను. ఆస్పత్రిలో వెనక్కి పెట్టుకున్న చేతులు ఒక్కొక్కటే ముందుకు రాసాగాయి.

ఈలోగా పక్కింట్లో ఆడపిల్ల పుట్టింది. నేను వెళ్లి చూశాను, బాగుంది, కాస్త తక్కువ బరువు. తల్లి నన్ను చూసి తల దించుకుంది. ఇద్దరం పాప గురించి మాట్లాడుకున్నాం, ఇంకేమీ మాట్లాడుకోలేదు. ఆ నవ్వులూ ఆ పొట్టలు నొక్కడాలూ మాత్రం తిరిగి రాలేదు. బొమ్మకన్నా నాకు అదే ఎక్కువ కొరతగా ఉండేది, పైకి అనలేదు గానీ.

బొమ్మ మళ్లీ జుట్టు దగ్గరికి వచ్చి ఆగింది. ఈసారి జుట్టు వద్దనుకున్నాను. నల్లదారం తెచ్చి గంజి పెట్టి బిగిస్తూ కూర్చున్నాను. ఎలా బిగించినా చీపురులా నిలబడుతోంది. ఒక పొద్దున్న ఆ దారంతోనే కుస్తీ పడుతుంటే, పిల్ల నిద్రపోయిన పాపని భుజాన వేసుకుని మా అరుగు ఎక్కింది. ప్రసవమైన కొన్ని నెలలకి ఆడవాళ్లకి జుట్టు దోసిళ్లకొద్దీ ఊడుతుంది. ఆమె నుదుటి దగ్గర పల్చబడిపోయింది. వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. కొంగు ముడి విప్పి ఒక ఉండ తీసి నా ముందు పెట్టింది. పొడుగాటి, నల్లటి, చిక్కు తీసి చుట్టిన జుట్టు.

“ఏటిది?” అన్నాను, ఏమిటో తెలిసే.

“నాదేనప్పా. దీనికెట్టు.”

నేను ముట్టుకోలేదు. చెయ్యి ముందుకు రాలేదు. “మీ అత్త సూస్తే?”

“అత్తే సిక్కు తీసి సుట్టింది.”

తలెత్తి చూశాను. పెద్దావిడ తన అరుగు మీద కూర్చుని చేటలో రాగులు చెరుగుతోంది, ఇటు చూడకుండా. మా కొండల్లో ఒక మనిషి ఇంకో మనిషి చేతికి తన జుట్టు ఇవ్వడం నేను పుట్టాక చూడలేదు. అమ్మ కూడా నాకు ఇవ్వదు. నాకు ఏడుపు ఆగలేదు. దారం మీద, బొమ్మ మీద, ఆ ఉండ మీద పడేలా ఏడ్చాను. పిల్ల పాపని ఆ భుజం నించి ఈ భుజానికి మార్చుకుని, జిగురు సీసా నా చేతిలో పెట్టింది.

“ఏడుపు తర్వాతప్పా. బేగి అంటించు, ఈ గుంట లెగిసిపోతాది.”